మూడో కాయిల్

11-10-2024, శుక్రవారం

ఎరువుల అంగడోళ్లు ఇచ్చిన డైరీ. ఊరికే పడి ఉండింది. ఈ పొద్దు నుంచి రాస్తా. మా ఇంటామె మంజులమ్మ ఎన్ని నీళ్లు తాగింది, బరువు ఎంత ఉండాది, అవన్నీ మా కూతురు పవిత్ర హోసూరు నుంచి ఫోన్‌లో అడిగి రాసుకుంటాది. అవి ఈడ రాయను.

ఆయుధ పూజ. కొడవండ్లు, మందు కొట్టే మిషను కడిగి పెట్టినాను. కారు గుడ్డతో తుడిచినాను. పూజ నేను చేస్తా, నువ్వు కూర్చో అంటే మంజులమ్మ వినలేదు. ముక్కాలిపీట తెమ్మనింది. కారు ముందర కూర్చుని బానెట్ ఎత్తమనింది.

"పైన బొట్టు పెట్టి లోపల పెట్టకపోతే ఎట్లప్పా? పని చేసేది లోపల ఉండేది కదా."

ఎత్తినాను. ఇంజన్ మీద నాలుగు నల్ల తలకాయలు వరసగా ఉండాయి. వాటి పేరు నాకు తెలీదు. నాలుగింటికీ పసుపు కుంకం పెట్టింది. చెంబులో పసుపు నీళ్లు కలిపి చిన్న ఇత్తడి గరిటెతో ఒక్కొక్కదాని మీద పోసింది. చామంతి రేకులు తుంచి చల్లింది. బడిలో ముందు వరస పిల్లోళ్ల మాదిరి ఉండారు చూడు అని నవ్వింది.

ఆమె నవ్వి శాన్నాళ్లయింది. అందుకే రాసినాను.

14-10-2024, సోమవారం

సోమవారం, గురువారం ఆమెకి డయాలసిస్. కృష్ణగిరిలో మిషన్ ఖాళీ లేదన్నారు. హోసూరులో దొరికింది. ఆమె దాన్ని రక్తం ఉతికేది అంటాది. మా కుందారపల్లి నుంచి మేలుమలై గుట్ట ఎక్కి, శూళగిరి దాటి పోవాల. బస్సులో ఆమె నిలబడలేదు. అందుకని అల్లుడు యతీశ్ తాను వాడిన తెల్ల కారు మాకు వదిలేసినాడు. పాతది. నేను ట్రాక్టరు తోలినోడిని కాబట్టి భయం లేదు.

ఈ పొద్దు మేలుమలై ఎక్కుడులో కారు వణికింది. యాక్సిలేటరు తొక్కితే ముందరికి పోకుండా దగ్గుతుంది. మీటరు కాడ పసుపు రంగు ఇంజన్ బొమ్మ వెలిగింది. ఆమె నా చెయ్యి పట్టుకునింది.

శూళగిరి తిమ్మరాజుకి ఫోన్ చేసినాను. ముందు నుంచి మా ట్రాక్టరు రిపేరు చూసేది ఆయనే. బైకులో రోడ్డు కాడికే వచ్చినాడు. వస్తానే "కారుకి కూడా చలిజరమా అన్నా" అన్నాడు.

ఇంజన్ నడుస్తుండగానే ఆ నల్ల తలకాయలకి వచ్చే వైర్లు ఒక్కొక్కటి పీకి పెట్టినాడు. మొదటిది పీకితే ఇంకా వణికింది. రెండోది పీకినా అంతే. మూడోది పీకితే ఏమీ మారలేదు. "ఇదేనన్నా. ఇది ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. పని చేయడం లేదు" అన్నాడు. వాటిని కాయిల్ అంటారంట. ఒక్కొక్క కాయిల్ కింద ఒక లోతు గుంత, గుంత అడుగున ప్లగ్గు. కాయిల్ కరెంటు ఇస్తే ప్లగ్గు నిప్పు పుట్టిస్తాది. నిప్పు రాకపోతే దాన్ని మిస్సింగ్ అంటారు.

అది కాయిల్ తప్పా, ప్లగ్గు తప్పా అని తెలుసుకునేదానికి మూడోదాన్ని తీసి రెండోదాని చోట పెట్టినాడు. రోగం దాంతోపాటే రెండోదాని చోటికి పోయింది. కాబట్టి కాయిలే.

మంజులమ్మ కిటికీలో నుంచి చూస్తా ఉండింది. "తిమ్మరాజప్పా, మీ ఇంట్లో కూడా ఇట్లే పీకి చూస్తావా, ఎవురు పని చేస్తారో అని?"

"మా ఇంట్లో నన్ను పీకితే ఏమీ మారదు వదినా. అందుకే చూడను."

ఇద్దరూ నవ్వినారు. నేనూ నవ్వినాను.

కాయిల్ అడుగున రబ్బరు తడిగా ఉండాదని ఇంజన్ కడిగినారా అన్నా అని అడిగినాడు. కడగలేదు అన్నాను. కడగలేదు కదా.

పాత కాయిల్ ఒకటి ఉండాదని అది వేసినాడు. కొత్తదానికి చెప్పి పెడతా అన్నాడు. హోసూరు చేరేటప్పటికి ఆలస్యం. అయినా మిషన్ ఎక్కించినారు.

17-10-2024, గురువారం

పొద్దున బయల్దేరేటప్పుడు ఆమె బానెట్ ఎత్తమనింది. కారుకి దిష్టి తగిలింది, పూజ రోజు అందురూ చూసినారు అంటాది. గంగమ్మ గుడి తీర్థం పసుపు నీళ్లలో కలుపుకొచ్చింది. ఒక్కొక్కదానికి ఒక గరిటె. మూడోదానికి రెండు.

జబ్బుపడింది కదా, దానికి ఇంకొకటి అనింది.

కారు బాగా పోయింది.

21-10-2024, సోమవారం

తిమ్మరాజు కొత్త కాయిల్ వేసినాడు. అంతకుముందు వేసిన పాతది ఊరికే పారేయకుండా డిక్కీలో పెట్టినాడు.

24-10-2024, గురువారం

బానెట్ ఎత్తినాను. తీర్థం పోసింది. బాగా పోయినాము.

28-10-2024, సోమవారం

అట్లే.

31-10-2024, గురువారం

దీపావళి. అయినా రక్తం ఉతకాల. ఆస్పత్రిలో శానామంది లేరు.

ఆమె నీళ్లు తాగేదానికి లేదు. పొద్దంతా కలిపి ఒక చెంబు. అందులోనే మాత్రలు, అందులోనే మజ్జిగ. నాలుక ఎండిపోతే తడి గుడ్డ పెదాలకి అద్దుకుంటాది. ఈ పొద్దు బానెట్ కాడ నిలబడి గరిటెతో పోస్తా ఉంటే, ఇన్ని నీళ్లు ఎందుకే అన్నాను.

"నాకు తాగేదానికి లేదు. దాన్నన్నా తాగనీ."



7-11-2024, గురువారం

టమాటకి రేటు లేదు. కోయించలేదు. కారు బాగుండాది.

11-11-2024, సోమవారం

కారు మళ్లీ వణికింది. అదే ఎక్కుడు. తిమ్మరాజు షెడ్డు దాకా మెల్లగా పోయినాము. వైర్లు పీకి చూసినాడు. మూడోదే. కొత్త కాయిల్ పోయింది.

ఆయన నవ్వలేదు ఈసారి. కొత్తది ఇంత బిరీన పోకూడదన్నా, ఎందుకో నాకే తెలీడం లేదు అన్నాడు. నీళ్లు ఏమన్నా తగిలినాయా అని మళ్లీ అడిగినాడు. లేదు అన్నాను. వాన కూడా లేదు కదా. మంజులమ్మ కూడా యాడ తగిలినాయప్పా, మీ అన్న గుడ్డతో తుడిచేదే అనింది.

కారు ఒక దినం ఈడ వదిలిపెట్టు, అన్నీ విప్పి చూస్తా అన్నాడు. ఆస్పత్రికి పోవాల, రేపు మందులు తెచ్చేది ఉండాది, గురువారం మళ్లీ పోవాల అన్నాను. ఆయన డిక్కీలో ఉండిన పాత కాయిలే మళ్లీ వేసినాడు.

వచ్చే వారం వదిలిపెడతా అన్నాను.

18-11-2024, సోమవారం

వదిలిపెట్టలేదు. బాగానే పోతుంది కదా.

25-11-2024, సోమవారం

ఆమె కాళ్లు వాచినాయి. చెప్పులు పట్టలేదు. నా చెప్పులు వేసుకుని వచ్చింది. ఆస్పత్రిలో అందురూ చూస్తారని చీర కిందికి లాగుకునింది.

పొద్దున బానెట్ కాడికి నడవలేదు. చెంబు, గరిటె నాకిచ్చి నువ్వు పోసి రా అనింది. నాకు సిగ్గయింది, రోడ్డులో పొయ్యేవాళ్లు చూస్తారని. ఊరికే వంగి పోసినట్లు చేసినాను. ఆమెకి తెలిసిపోయింది. ముక్కాలిపీట తెప్పించుకుని తనే పోసింది.

2-12-2024, సోమవారం

రెండు దినాలుగా వాన. ఇంత వాన నేను పుట్టినాక చూడలేదు. ఊత్తంగరై తట్టు రోడ్లు లేవంట. బండ్లు కొట్టుకుపోయినాయంట.

ఎక్కుడు మధ్యలో కారు ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ కాలేదు. తిమ్మరాజుకి ఫోన్ చేస్తే సామల్పట్టిలో ఉండాను అన్నాడు. వాళ్ల అక్క ఇంట్లో నీళ్లు చొరబడినాయంట, సామాన్లు ఎత్తుతున్నాడంట. అన్నా, వచ్చేదానికి దారి లేదన్నా అన్నాడు. పవిత్ర టాక్సీ పంపిస్తా అనింది. ఎవురూ రాలేదు. యతీశ్ షిఫ్టులో ఉండాడు.

ఆస్పత్రికి నేనే ఫోన్ చేసినాను. మీ టైము అయిపోయింది, ఇంకొకరిని ఎక్కించేసినాము, రేపు పొద్దున్నే రండి అన్నారు. సరేనమ్మా అన్నాను.

టమాట టెంపో ఒకటి ఆగింది. దాంట్లో ఇంటికి వచ్చేసినాము. కారు ఆడనే ఉండాది.

ఆమె పడుకోలేక గోడకి ఆనుకుని కూర్చుని ఉండాది. ఊపిరి ఆడడం లేదా అంటే ఆడుతుందిలే, నువ్వు పడుకో అంటాది. రేపు పొద్దున్నే పోతాము.

3-12-2024

మంజులమ్మ పోయింది.

13-12-2024, శుక్రవారం

పదకొండో దినం.

పవిత్ర ఏడ్చి ఏడ్చి గొంతు పోయి ఉండాది. నాయనా, ఫోన్‌లో ఒక్క మాట గట్టిగా అడిగి ఉంటే రాత్రికైనా ఎక్కించి ఉందురు కదా అనింది. ఆ మాట గురించి రాయను.

కాయిల్ పోయింది కాబట్టే కారు ఆగింది. కారు ఆగింది కాబట్టే.

తిమ్మరాజు వచ్చినాడు. పంక్తిలో కూర్చున్నాడు. ఆకు వేసినారు, అన్నం వడ్డించినారు. యతీశ్ ఆయన ముందర నిలబడి, పాత కాయిల్ వేసి పంపించినావు, మా అత్త ప్రాణం పోయింది, ఈడ కూర్చుని తినేదానికి ఎట్ల మనసొచ్చింది అని అడిగినాడు. పంక్తి అంతా నిలిచిపోయింది.

తిమ్మరాజు యతీశ్ తట్టు చూడలేదు. నా తట్టు చూసినాడు. తాను కారు వదిలిపెట్టమని అడిగిన సంగతి నేను చెప్తాననుకున్నాడేమో.

నేను ఆకు తట్టు చూసుకుంటా ఉండిపోయినాను.

ఆయన అన్నం ముట్టలేదు. చేతులు జోడించి, వదినకి దండం పెట్టుకున్నట్లు ఫోటో తట్టు వంగి, లేచి పోయినాడు. చావింట్లో ఆకు ముందర నుంచి లేచిపోయిన మనిషిని నేను చూడలేదు ఇన్నాళ్లలో.

పాత కాయిల్ వేసింది ఆయనే కదా.

1-1-2025, బుధవారం

డైరీ అయిపోయింది. కొత్తది ఎవురూ ఇవ్వలేదు. అయితే నేను అక్టోబరు నుంచి కదా రాసినాను, ముందర జనవరి నుంచి కాగితాలు ఖాళీగా ఉండాయి. ఆడ రాస్తా ఉండాను. తేదీ సరిపోతాది, వారం సరిపోదు. కొట్టేసి రాస్తా.

9-1-2025

గురువారం అని తెలీకుండానే చొక్కా మార్చుకుని బయట నిలబడినాను.

2-2-2025

కారు కొట్టంలో ఉండాది. ట్రాక్టరుతో కట్టి లాక్కొచ్చినారు. కోళ్లు దాని కింద పడుకుంటాయి.

17-3-2025

శూళగిరి సంతలో తిమ్మరాజు ఎదురు వచ్చినాడు. నేను మామిడి పిందెలు అమ్మేవాళ్ల తట్టు తిరిగినాను. కొనలేదు.

యతీశ్ ఆయన గురించి అందరికీ చెప్పినాడంట. టమాట టెంపో వాళ్లు ఇప్పుడు ఆయన షెడ్డుకి పోవడం లేదంట. వేరే ఆయన కాడికి పోతారంట.

నేనేమీ అనలేదు యతీశ్‌ని.

20-5-2025

మామిడి దించినాము. కాయ బాగుండాది. తినబుద్ధి కాలేదు. ఆమెకి డాక్టరమ్మ మామిడి వద్దనింది. పోయిన ఏడాది నేను కొట్టంలో నిలబడి, ఆమెకి తెలీకుండా తిన్నాను.

ఆ రోజు తిమ్మరాజు మూడో వైరు పీకితే ఇంజన్‌లో ఏమీ మారలేదు. ఈ ఇంట్లో నుంచి ఒకరు పోతే కోడి కూసే టైము కూడా మారిపోయింది.

6-9-2025

యతీశ్ ఫోన్. కల్లావిలో ఒకాయన కారు కొంటాడంట, స్టార్ట్ అయితే చాలంట. ఊరికే తుప్పు పట్టేకంటే అమ్మేద్దాము మామా, మీరు కూడా హోసూరు వచ్చేయండి అన్నాడు. కారు సరే అన్నాను. హోసూరు గురించి ఏమీ అనలేదు.

స్టార్ట్ చేయించాల. తిమ్మరాజు కాడికి పోలేను.

14-9-2025, ఆదివారం

నేనే చూద్దామనుకున్నాను. ఆయన చేసేది చూసినాను కదా. బ్యాటరీ చార్జికి ఇచ్చి తెచ్చినాను. తాళం చెవి తిప్పితే శానాసేపు గుర్రుగుర్రు అని, ఆఖరికి పట్టుకునింది. కారంతా వణికింది. కోళ్లు పారిపోయినాయి.

వైర్లు పీకి చూసినాను. మొదటిది పీకితే మారింది. రెండోది కొంచెం మారింది. మూడోది ఏమీ మారలేదు. నాలుగోది మారింది. ఆఫ్ చేసి మూడోదాని బోల్టు విప్పినాను. కాయిల్ రాలేదు. కరుచుకుని ఉండాది. తిప్పి తిప్పి లాగితే వచ్చింది.

కింద పొడుగు రబ్బరు. పైన ఉండే మూత రబ్బరు చినిగి ఉండాది. పొడుగు రబ్బరు చివర పసుపు.

ముందు తుప్పు అనుకున్నాను. గోటితో గీకితే పొడి వచ్చింది. వాసన చూసినాను. పసుపే. కుంకం అట్టకట్టి ఉండాది. పవిత్ర ఇచ్చిన ఫోన్‌లో లైటు వేసి గుంతలోకి చూసినాను. అడుగున ప్లగ్గు చుట్టూ ఎర్రగా, పసుపుగా, బురద ఎండినట్లు ఉండాది. దాంట్లో చామంతి రేకు ఒకటి. నల్లగా అయిపోయి ఉండాది, అయినా రేకని తెలుస్తుంది.

రెండో గుంతలో కూడా కొంచెం పసుపు. మిగతా రెండూ బాగుండాయి. మూడోదానికి ఎప్పుడూ ఇంకో గరిటె.

నీళ్లు తగిలినాయా అని ఆయన రెండు సార్లు అడిగినాడు. నేను లేదన్నాను. అబద్ధం చెప్పలేదు. పంపు పెట్టి కడిగితే కదా నీళ్లు. తీర్థం నీళ్లని నాకు తోచలేదు. ఆమెకీ తోచలేదు. ఆమె మందు పోసినాననుకునింది.

కాయిల్ మళ్లీ గుంతలో పెట్టలేదు. ఆమె పాత జాకెట్టు గుడ్డ ఒకటి ఉంటే దాంట్లో చుట్టి పెట్టినాను.

15-9-2025

రాయను.

19-9-2025

తిమ్మరాజు తప్పు లేదు. ఆ మాట చెప్పాల. పంక్తిలో నుంచి లేచిపోయినాడు, షెడ్డుకి బండ్లు పోవడం లేదు. చెప్పకుండా ఉండేదానికి లేదు.

చెప్తే, ఎవురు పోసినారు అని అడుగుతారు. ఎందుకు పోసినారు అంటారు. మంజులమ్మే పోసిందంట, తన కారులో తనే నీళ్లు పోసుకునిందంట అంటారు. పవిత్ర వింటాది. వాళ్లమ్మ ప్రతి వారం ముక్కాలిపీట వేసుకుని కూర్చుని, గొంతు ఎండబెట్టుకుని దానికి నీళ్లు పోసింది ఇందుకా అని అనుకుంటాది. అనుకోకుండా ఎట్ల ఉంటాది.

ఆమె భయపడి పోసింది. నేను భయపడతానని పోసింది. ఎక్కుడులో కారు వణికితే ముందు నా చెయ్యి పట్టుకునేది ఆమే కదా.

ఆమె పేరు రాకూడదు.

21-9-2025, ఆదివారం

పవిత్ర, యతీశ్ వచ్చినారు. చెప్పినాను. పోయిన ఆయుధ పూజకి పంపు నీళ్లతో ఇంజన్ కడిగినాను, గుంతలో నీళ్లు నిలిచి కాయిల్ పోయింది, తిమ్మరాజు అడిగితే లేదన్నాను అని చెప్పినాను. ముందు రాత్రంతా ఆ మాటలు అనుకుంటా ఉండినాను కాబట్టి తడబడలేదు.

యతీశ్ తల పట్టుకున్నాడు. "మామా, ఆ మాట పదకొండో దినం చెప్పి ఉంటే నేను ఆ మనిషిని అన్ని మాటలు అందునా?"

పవిత్ర నన్నే చూస్తా ఉండింది. అమ్మకి తెలుసా అని అడిగింది. తెలీదు అన్నాను. ఆమె లోపల పడుకుని ఉండింది అన్నాను.

"నీకు ఎందుకు నాయనా ఇంజన్ కడిగే పని? ఎవురు అడిగినారు నిన్ను? ఫోన్‌లో ఒక మాట అడిగేదానికి నోరు రాలేదు. ఇంజన్ మీద నీళ్లు పోసేదానికి చెయ్యి వచ్చిందా?"

అన్నం వండి పెట్టి ఉండినాను, రసం కూడా. తినకుండానే పోయినారు. కారు ఎక్కేటప్పుడు పవిత్ర ఒకసారి తిరిగి చూస్తాదేమో అనుకున్నాను.

27-9-2025

పవిత్ర ఫోన్ రాలేదు. దినమూ మాపటేళ చేసేది. నేను చేస్తే యతీశ్ ఎత్తినాడు. బాగుండాము మామా అన్నాడు.

1-10-2025, బుధవారం

ఆయుధ పూజ.

కొడవండ్లు కడిగినాను. మందు కొట్టే మిషను కడిగినాను. ఇత్తడి గరిటె కడిగి దేవుని గూట్లో పెట్టినాను. కాయిల్ గుడ్డతో సహా సంచిలో వేసుకుని శూళగిరి బస్సు ఎక్కినాను.

తిమ్మరాజు షెడ్డు ముందర అరటి పిలకలు కట్టి ఉండాడు. పోయిన ఏడాది మాదిరి బండ్లు లేవు. రెండు స్కూటర్లు, ఒక పాత వ్యాను. పక్క అంగళ్ల వాళ్లు, టెంపో వాళ్లు కొందరు బొరుగుల కోసం నిలబడి ఉండారు. బూడిద గుమ్మడికాయ కొట్టబోతా ఆయన నన్ను చూసినాడు. కాయ చేతిలోనే పట్టుకుని నిలబడినాడు.

మంది ముందర నేనెప్పుడూ మాట్లాడినోడిని కాదు. మా పెండ్లిలో కూడా మంజులమ్మే మాట్లాడింది. అయినా చెప్పినాను.

"తిమ్మరాజప్పా, నీ కాయిల్ తప్పు కాదు. ఇంజన్‌కి నీళ్లు పట్టింది నేను. నువ్వు అడిగినప్పుడు లేదన్నాను. కారు వదిలిపెట్టమన్నావు, అదీ నేను వినలేదు."

టెంపో వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవురో అట్లనా అన్నారు. ఇంకొకాయన, ముసలాయన తెలీక చేసినాడు పాపం అన్నాడు.

తిమ్మరాజు గుమ్మడికాయ కింద పెట్టినాడు. నా చేతిలో గుడ్డ తీసుకుని విప్పినాడు. కాయిల్ తిప్పి చివర చూసినాడు. పసుపు, కుంకం. ఎట్ల ఉండిందో అట్లే ఉండాది. నాకు తుడవబుద్ధి కాలేదు.

ఆయన నా మొహం చూసినాడు. గుడ్డ చూసినాడు. ఆ గుడ్డ ఎవురిదో ఎవురికైనా తెలుస్తాది. టెంపో వాళ్లలో ఒకాయన ఏదీ, అది చూపించు అని చెయ్యి చాపినాడు. తిమ్మరాజు భుజం మీద ఉండే మసి గుడ్డతో కాయిల్ చివర గట్టిగా రుద్ది రుద్ది తుడిచి, అప్పుడు ఇచ్చినాడు.

"తుప్పు. నీళ్లు నిలిచిన తుప్పు" అని వాళ్లకి చెప్పినాడు.

జాకెట్టు గుడ్డ మడిచి నా సంచిలో పెట్టినాడు. బొరుగులు, పుట్నాలు, బెల్లం పొట్లం కట్టి ఇచ్చినాడు. లోపల అన్నం ఉండాది, కూర్చోన్నా అన్నాడు. ఆయన ముందర ఆకు వేసినారు. నా ముందర ఒకటి వేసినారు. ఇద్దరమూ తిన్నాము. మాట్లాడుకోలేదు.

బస్సుకి లేచేటప్పుడు మాత్రం మెల్లగా అడిగినాడు.

"వదిన పోసినప్పుడు నువ్వు పక్కనే ఉండినావా అన్నా?"

ఉండినాను అన్నాను.

ఆయన తల ఊపినాడు. రేపు వచ్చి కారు చూస్తా అన్నాడు.

2-10-2025, గురువారం

తిమ్మరాజు వచ్చినాడు. గుంతలు ఊది, తుడిచి, ప్లగ్గులు మార్చినాడు. మూడోదానికి, రెండోదానికి కొత్త కాయిల్ వేసినాడు. కొత్త మూత రబ్బర్లు కూడా. చామంతి రేకు సూది ముక్కు పటకారుతో తీసి నా అరచేతిలో పెట్టినాడు. పొడి అయిపోయింది.

5-10-2025, ఆదివారం

ఈ కాగితం తరువాత కొన్ని కాగితాలు తిప్పితే పోయిన ఏడాది ఆయుధ పూజ రాసింది వస్తాది. చించేద్దామనుకున్నాను. ఆమె నవ్వింది అని రాసి ఉండాది ఆడ. చించలేదు.

రేపు కల్లావి ఆయన వచ్చి కారు తీసుకుపోతాడు. పవిత్ర ఇంకా మాట్లాడలేదు. మాట్లాడుతాది. లేకున్నా సరే. వాళ్లమ్మ మీద ఒక మాట రాలేదు కదా.

పొద్దున ఒక్కడినే కారు తీసినాను. బానెట్ పైన చిన్న బొట్టు పెట్టినాను, లోపల కాదు. కుందారపల్లి దాటి మేలుమలై తట్టు పోయినాను. ఎక్కుడు వస్తానే నా ఎడమ చెయ్యి గేరు మీదనే పెట్టుకున్నాను. ఎక్కుడు మొదలయింది. తొక్కినాను. దగ్గలేదు. వణకలేదు. పైదాకా ఒకే గొంతుతో పోయింది. పసుపు బొమ్మ వెలగలేదు.

పైన ఓరగా ఆపుకున్నాను. ఇంజన్ ఆఫ్ చేయకుండా కాసేపు కూర్చున్నాను.

ఆమె ఉండి ఉంటే, చూసినావా, నా తీర్థమే పని చేసింది అని ఉండును.

అవునే అని ఉందును నేను.